ఖాన్‌గారి నాలుగెకరాలు

రహమత్ నగర్‌లో తెల్లవారి ఆరున్నరకి మా సందు మొగలో నిలబడితే సగం తెలుగు జిల్లాలు కళ్లముందు నడిచిపోతాయి. పాలమూరు మట్టిపని జట్లు, శ్రీకాకుళం సెంట్రింగువాళ్లు, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. గుట్ట ఎక్కితే జూబ్లీహిల్స్ గేట్లు. దిగితే కృష్ణానగర్‌లో కంపెనీ వ్యాను కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు. ఎక్కేవాళ్లకి కూలి దొరుకుతుంది, దిగేవాళ్లకి వేషం దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

మా కింది వాటాలో ఉండే మేస్త్రీ రెండువైపులా పనిచేశాడు. పెద్దవాళ్ల ఇళ్లలో గ్రానైటు, బేతంచెర్ల బండలు పరుస్తాడు. ఫిల్మ్‌నగర్ సెట్లలో రాజమహల్ నేలలు కూడా పరిచాడట, పాలరాయి రంగేసిన ప్లైవుడ్డుతో. ఆధార్ కార్డులో అతని పేరు పఠాన్‌తో మొదలై ఖాన్‌తో ముగుస్తుంది. మధ్యలో ఉన్న పేరుతో మనకి పనిలేదు.

ఆ రోజుల్లో నేను అఫ్ఘానిస్తాన్ గురించి చదువుతున్నాను. హెల్మండ్, కాందహార్ వైపు పష్తూన్ రైతుల గురించి, వాళ్ల కాలువల గురించి. పష్తూన్లంటే మన పఠాన్లే కదా అని ఒకరోజు మెట్ల మీద మేస్త్రీని ఆపి అడిగాను.

"మీ పెద్దలు ఎక్కడివాళ్లు మేస్త్రీ?"

"కోసిగి దిక్కు సార్. కర్నూలు జిల్లా."

"అంతకుముందు?"

"అంతకుముందు కూడా కోసిగే సార్."

నాకున్న ఉత్సాహంలో పదో వంతు కూడా అతనికి లేదు. కానీ పోతూ పోతూ, "పీర్ల పండక్కి ఊరికి పోతాండా, రాండి సార్, సూద్దురు" అన్నాడు. అఫ్ఘానిస్తాన్ వెళ్లే దారి నాకెలాగూ లేదు. కర్నూలు బస్సు గంటకోటి ఉంది.

యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ఎంజీబీఎస్‌లో దిగాం. మేస్త్రీ చేతిలో రెండు సంచులు, నెత్తిమీద ప్లాస్టిక్ కుర్చీ. వాళ్లమ్మ నేలమీద కూర్చోలేకపోతోందట. దారిలో ఒక్క సంగతి చెప్పాలనిపించింది. బస్టాండుకి కూతవేటు దూరంలో ఉన్న కోఠీ రెసిడెన్సీ మీదికి 1857 జూలై 17న దండెత్తినవాళ్లు రోహిల్లాలు, అంటే పఠాన్లే. వాళ్లని నడిపిన తుర్రేబాజ్ ఖాన్‌ని 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. మేస్త్రీ శ్రద్ధగా విని, "బస్సులో కిటికీ పక్క సీటు మీరు తీసుకోండి సార్" అన్నాడు.

షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట. హైవే మీద జిల్లాలన్నీ ఒకేలా కనిపిస్తాయి, దాబాలూ వెంచర్ల బోర్డులూ. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక మట్టి రంగు మారుతుంది. అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర వంతెన ఎక్కేసరికి నదిలో సగం ఇసుక, సగం నీళ్లు. జూలై మొదటివారం. కార్తెలు తప్పుతున్నాయని బస్సులో ఎవరో అన్నారు.

కర్నూలులో మూడు గంటలు ఆగాం. పీర్లకి కట్టే దట్టీలు పాతబస్తీలోనే కొనాలని మేస్త్రీ పట్టుదల. అతను పట్టు గుడ్డల బేరంలో ఉండగా నేను కొండారెడ్డి బురుజు చూడ్డానికి పోయాను. 'ఒక్కడు' వచ్చిన 2003 నుంచి ఈ బురుజు పరిచయం అక్కర్లేనిది అయిపోయింది. మా రహమత్ నగర్ పక్కనుంచి బయల్దేరిన కెమెరాలు రాయలసీమలో చూసింది ఎక్కువగా ఇదే: ఒక బురుజు, ఎర్రమట్టి, తెల్ల సుమోలు, వేటకొడవళ్లు. ఆ సినిమాల్లో చేను దున్నే మనిషి ఎక్కడైనా కనిపిస్తే, సుమోకి అడ్డం తప్పుకోడానికే.

ఈ ఊరిని నూటయాభై ఏళ్లకి పైగా ఏలింది పన్నీ పఠాన్లు. పన్నీ ఒక పష్తూన్ తెగ. బలూచిస్తాన్‌లోని సిబి ప్రాంతంలో ఆ తెగవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో బీజాపూర్ కొలువుకీ, ఆ తర్వాత మొగలుల కొలువుకీ దక్కనుకి దిగివచ్చిన గుర్రపు దండుల్లో వీళ్లూ ఉన్నారు. ఆ వంశంలో పేరుమోసినవాడు దావూద్ ఖాన్ పన్నీ. ఔరంగజేబు తరఫున కర్ణాటకాన్ని చూస్తూ 1702లో మద్రాసు సెయింట్ జార్జి కోటని నెలల తరబడి దిగ్బంధం చేసి, ఇంగ్లీషువాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకుని వదిలిపెట్టాడు. 1750 డిసెంబరులో సెంజి దగ్గర నిజాం నాసర్ జంగ్‌ని చంపిన కుట్రలో కర్నూలు, కడప, సవణూరు నవాబులు ముగ్గురూ ఉన్నారు. ముగ్గురూ పఠాన్లే. రెండు నెలలు తిరక్కుండా వాటాల దగ్గర పేచీ వచ్చి, రాయచోటి దగ్గర కొత్త నిజాం ముజఫర్ జంగ్‌ని కూడా చంపారు. ఆ గొడవలోనే కర్నూలు నవాబూ పోయాడు. హైదరాబాదు గద్దె మీద ఇద్దరి తలరాతని మూడు నెలల్లో మార్చేసిన ఈ ముఠా గురించి మన ఫ్యాక్షన్ సినిమాలవాళ్లకి ఎవరైనా చెప్పారో లేదో.

ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో కుప్పలుగా తుపాకులూ ఫిరంగులూ దాచాడని కంపెనీవాళ్లు పట్టుకున్నారు. 1839 అక్టోబరు 18న హంద్రీ అవతల జోహరాపురంలో చిన్న యుద్ధం. నవాబు తరఫున నిలబడినవాళ్లు రోహిల్లాలూ అరబ్బులూ. నవాబుని తిరుచిరాపల్లికి తీసుకుపోయారు. మరుసటేడు అక్కడే హత్యకి గురయ్యాడు. జోహరాపురం ఇప్పుడు కర్నూలు నగరంలో ఒక పేట. షేర్ ఆటోలు పోతాయి.

నవాబు పోతే పోయాడు. ఆయన్ని నమ్ముకుని వచ్చిన సిపాయిలేమయ్యారన్నది నా అసలు ప్రశ్న. జీతాలు ఆగిపోయాయి, ఇనాం భూములు ఉన్నవాళ్లకి ఉన్నాయి, లేనివాళ్లు ఊళ్లు పట్టుకుపోయారు. కత్తి పట్టిన చేతులు గొర్రు పట్టాయని చెబితే కవిత్వంలా ఉంటుంది కానీ, చేతులకి అంతకంటే గత్యంతరం ఏముంది?

దట్టీలు కొనుక్కుని వచ్చిన మేస్త్రీతో కలిసి కేసీ కాలువ గట్టు మీద టీ తాగాం. ఊరి నడుమ పారే ఈ కాలువకి పెద్ద కథ ఉంది. 1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒకటి పుట్టింది. సర్ ఆర్థర్ కాటన్ ఊహలకి లండన్ షేర్‌హోల్డర్ల డబ్బు తోడైంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకి ఆనకట్ట కట్టి 1863లో తవ్వకం మొదలుపెట్టారు. పడవలు నడుస్తాయి, పైరు పండుతుంది, లాభాలు వస్తాయి అనుకున్నారు. కాలువ వచ్చింది, నీళ్లొచ్చాయి, రైతు మాత్రం రాలేదు. నల్లరేగడిలో జొన్నా పత్తీ వానకే పండుతుంటే, నీటితీరువా కట్టి, మళ్లు చదును చేసుకుని, వరి నేర్చుకోవాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. ధాత నామ సంవత్సరపు కరువు వచ్చినప్పుడు నీటికోసం ఎగబడ్డాడు గానీ, కరువు పోగానే మళ్లీ జొన్నకే పోయాడు. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీని కొనేసింది. ఆ కాలువ కిందే ఇవాళ నంద్యాల వరిమళ్లు. కేసీ కాలువకి బచావత్ ట్రిబ్యునల్ కేటాయించింది 39.9 టీఎంసీలు. వందేళ్లకి పైగా పట్టింది రైతూ కాలువా ఒకరికొకరు అలవాటు పడ్డానికి.

హెల్మండ్ కథ కూడా ఇంచుమించు ఇంతే. 1946లో అఫ్ఘాన్ ప్రభుత్వం అమెరికా కంపెనీ మారిసన్ నుడ్సన్‌ని పిలిచింది. 1953కల్లా కజాకీ డ్యాము లేచింది. ఎడారిలో నాద్ అలీ, మర్జా అని కొత్త ఊళ్లు కట్టి సంచార పష్తూన్లని రైతులుగా కూర్చోబెట్టారు. లష్కర్‌గాకి 'చిన్న అమెరికా' అని పేరే పడింది. నీళ్లు బాగా పారాయి, కానీ బయటికి పోయే దారి సరిగా లేదు. అడుగున గట్టి పొర ఉండడంతో నీరు నిలిచింది, ఉప్పు పైకి తేలింది, చేలు తెల్లబడ్డాయి. తర్వాతి యుద్ధాల కాలంలో అవే కాలువల కింద గసగసాలు పండి, ప్రపంచంలో మరెక్కడా లేనంత నల్లమందు అక్కడ తయారైంది. 2022 ఏప్రిల్లో తాలిబన్లు దాన్ని నిషేధించారు.

ఇదంతా చెబితే మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి, "వాటం పెట్టలేదేమో సార్" అన్నాడు.

"ఏంటి?"

"నీళ్ల వాటం. బాత్రూము నేల పరిస్తే మోరీ దిక్కు వాటం ఇడిసిపెట్టాల. లేకుంటే మూలల నిలుస్తాది. ఎంత పెద్ద కంపెనీ అయినా అంతే."

హెల్మండ్ మీద నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నిటికీ ఇది సారాంశమేమో అనుకున్నాను. పైకి అనలేదు. అంటే అతను ఇంకో టీ చెప్పేవాడు.

కేసీ కాలువ వాటం తూర్పుకి. మనం పోయేది పడమటికి. 2022 ఏప్రిల్ 4న జిల్లాని రెండు చేసినప్పుడు కాలువ కింద పచ్చని భాగం చాలావరకు నంద్యాలకి పోయింది. కర్నూలు జిల్లాకి ఆదోని, ఆలూరు, పత్తికొండ, మంత్రాలయం వైపు మెట్ట మిగిలింది. ఎమ్మిగనూరు దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సొసైటీ గురించి మా నాన్న తరం గొప్పగా చెప్పుకునేది, ఆ దుప్పట్లు మా ఇంట్లో ఉండేవి. ఆగి చూసే వేళ లేదు. ఆదోని పత్తియార్డు వైపు పోయే లారీలు దుమ్ము లేపుతూ పోయాయి. పైన ఒక మేఘం ఉంది. పొలాల్లో మనుషులందరూ దాన్నే చూస్తున్నట్టున్నారు.

ఊరి పేరు చెప్పను. తుంగభద్ర పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది, నీళ్లు మాత్రం ఎప్పుడూ ఈ మెరక ఎక్కి రాలేదు. మేస్త్రీ వాళ్లది నాలుగెకరాల ఎర్రచెలక. ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు సేద్యం చేస్తాడు, అన్న రహమత్ నగర్‌లో బండలు పరిచి ఆ సేద్యానికి పెట్టుబడి పంపుతాడు. మూడు బోర్లు వేశారు, రెండు ఎండిపోయాయి. మూడోది రోజూ గంటసేపు పోసి ఆగుతుంది. పత్తి పెట్టాలా కంది పెట్టాలా అని మేం వెళ్లేసరికి తమ్ముడు ఇంకా తేల్చుకోలేదు. పోయినేడు ఎర్రగడ్డలు వేశాడట, ధర పడిపోతే పీకిన కూలి కూడా రాదని గొర్రెలని తోలాడట. ఎర్రగడ్డ అన్న మాట వినగానే నాకు రహమత్ నగర్ పక్కనున్న ఎర్రగడ్డ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇక్కడ ఎర్రగడ్డంటే ఉల్లిపాయ. ఎవరూ నాతో నవ్వలేదు. గొర్రెలు తిన్నది వాళ్ల పైరు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మేస్త్రీ తల్లి నన్ను పరీక్షగా చూసింది. కొడుకులతో ఉర్దూ, నాతో తెలుగు.

"నవాబుల కాలంలో మీవాళ్లు సిపాయిలుగా ఉన్నారంట కదమ్మా?"

"అంటారు నాయనా. ఎవురు సూసినారు? మా అత్త కాలానికి జొన్నరొట్టె, కారెం. నా కాలానికీ అదే. ఇప్పుడు స్టోరు బియ్యం వస్తాంది, అది నయం."

ఆమె పెట్టిన జొన్నరొట్టె, బుడ్డల చట్నీ గురించి రెండు పేజీలు రాయగలను. రాస్తే అసలు సంగతి పక్కకి పోతుంది.

సాయంత్రం పీర్ల చావిడి. చావిడి ముందు గుండం, పొద్దున్నుంచీ మోదుతున్న డప్పులు. ఊళ్లో ముస్లింల ఇళ్లు ముప్పై ఉంటాయేమో, చావిడి ముందు జనం వెయ్యి. చక్కెర చదివించడానికి వరసలో నిలబడిన ఆడవాళ్లలో సగంమందికి నుదుట కుంకం బొట్టు ఉంది. పీరు ఎత్తుకున్నాయన బోయ. మొక్కు తీర్చుకోడానికి బెంగళూరు నుంచి వచ్చిన కుర్రవాడి పేరు హుసేనప్ప, వాడి పక్కనున్న పెద్దాయన ఫకీరప్ప, ఇద్దరూ హిందువులే. ఈ జిల్లాలో దస్తగిరి అన్న పేరు వినగానే మతం చెప్పేయగలిగినవాడు ఇంకా పుట్టలేదు. మేస్త్రీ తెచ్చిన దట్టీని ముజావర్ పీరుకి కట్టాడు. ఊదు పొగలో, నిప్పుల వెలుగులో, పఠాన్ అన్న మాట ఎక్కడా వినపడలేదు. ఖాన్‌గారింటి పీరు అని మాత్రం ఒకాయన చెప్పాడు. ఖాన్‌గారంటే మేస్త్రీ తాత. నవాబుల నుంచి ఈ ఊళ్లో మిగిలింది ఆ 'గారు' ఒక్కటే అనిపించింది.

ఆ గౌరవానికి ఇప్పుడు ఖరీదు కూడా ఉంది. మేస్త్రీ తమ్ముడి కొడుకు ఇంటరు పాసై ఇంజినీరింగు సీటు చూసుకుంటున్నాడు. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లింలకి బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. షేక్‌లకి ఉంది. సయ్యద్‌లూ మొగల్‌లూ పఠాన్లూ పైకులాలని పక్కన పెట్టారు. "నా దోస్తు షేక్. వాళ్లకి పదెకరాలు కాలవ కింద. వానికి వస్తాది, నాకు రాదు. మీ ఇంటి పేరే పఠాన్ కదప్పా అన్నారు ఆఫీసుల" అన్నాడు కుర్రవాడు. అగ్రవర్ణ పేదల కోటా కాగితం కోసం తిరుగుతున్నాడు. వాళ్ల నాయనమ్మ మధ్యలో అందుకుని, "రాజ్జెం సేసినోల్లంట, సర్టిపికెట్ అడుక్కుంటాండారు" అని పకపకా నవ్వింది. చట్టం తప్పని అనను. గీత ఎక్కడో ఒకచోట గీయాలి. కానీ ఆ గీత మూడొందల ఏళ్ల కిందటి గుర్రాల లెక్క చూసి గీశారు, ఈ ఇంటి బోర్ల లెక్క చూసి కాదు.

మర్నాడు పొద్దున్నే ఊరంతా తిరిగాను. పాతిక ముప్పై ఏళ్లలో ఏం మారిందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు: సిమెంటు రోడ్డు, గ్యాసు, నీళ్ల ప్లాంటు, ఫోను. బడి ఉంది, పై చదువుకి కోసిగి పోవాలి. ఆడపిల్లల చదువులో బాగా వెనకబడిన మండలాల్లో కోసిగి పేరు ఎప్పుడూ వినిపిస్తుంది. దానికి కారణం బడి లేకపోవడం కాదు, సుగ్గి.

సుగ్గి అన్న మాట కన్నడం నుంచి వచ్చింది. అక్కడ ఆ మాటకి కోతల కాలమని, ధాన్యం ఇంటికొచ్చే పండగని అర్థం. సరిహద్దు దాటి ఇటు వచ్చేసరికి అర్థం తలకిందులైంది. ఇక్కడ సుగ్గికి పోవడమంటే పరాయి ఊరి కోతలకి పోవడం. ఖరీఫ్ చేతికొచ్చినా రాకపోయినా, చలికాలం మొదలయ్యేసరికి ఇళ్లకి తాళాలు వేసి, గిన్నెలూ బియ్యం మూటలూ కోళ్లూ పిల్లలూ బొలేరోల్లోకి ఎక్కించుకుని గుంటూరు, ప్రకాశం మిరపచేలకి పోతారు. ఉగాది దాకా అక్కడే గుడిసెలు. పిల్లలని ఊళ్లోనే ఆపడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది, కొందరు ఉంటారు. ఆడపిల్ల ఉంటే చంటిదాన్ని ఎత్తుకోడానికి తల్లి వెంట తీసుకుపోతుంది. అలా వెళ్లిన పిల్లకి మిరపకాయ కోయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

"మీరు కూడా పోతారామ్మా?" అని మేస్త్రీ తల్లిని అడిగాను.

"పోకుండ? ఖాన్‌గారి కోడలని మిరపకాయ ఊరుకుంటాదా, కండ్లు మండించకుండ?"

మేస్త్రీ తల దించుకున్నాడు. తల్లిని సుగ్గికి పోనివ్వనని హైదరాబాదులో నాతో గట్టిగా చెప్పిన మనిషి.

తొలకరి రాలేదు గానీ రెండు జల్లులు పడ్డాయని, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరడానికి ఊరి కుర్రాళ్లు ఇద్దరు మోటారుసైకిలు మీద బయల్దేరారు. ఏటా వానకి అక్కడ ఎర్రమట్టి కడిగేస్తుంటే రాళ్లు తేలతాయి, దొరికినవాళ్లకి దొరుకుతాయి. పత్తి మీద పెట్టుబడి పెట్టడం కంటే అది తక్కువ జూదం అని వాళ్ల లెక్క. తమ్ముడు వాళ్లని ఆపి, పెట్రోలు ఖర్చు లెక్కగట్టి తిట్టాడు. పది నిమిషాలకి తనే అడిగాడు, "రేపు పోదామా?"

మధ్యాహ్నం పీర్లు ఏటికి పోయాయి. ఏరంటే ఎండిన వంక. బిందెల్లో తెచ్చిన నీళ్లతో కడిగారు. ఆడవాళ్లు ఏడ్చారు. ఎవరి కోసం ఏడుస్తున్నారని అడగడం మర్యాద కాదనిపించింది. రాత్రి బస్సుకి మేం తిరుగుముఖం పట్టినప్పుడు ముసలామె నా సంచిలో జొన్నపిండి, మలీద ముద్దలు కుక్కి, "మా వోనికి సెప్పు నాయనా, ఇంకొక బోరు వద్దని. నీళ్లు లేవు ఆ నేలలో" అంది. నేను చెప్పలేదు. కర్నూలు దాటేలోపే మేస్త్రీ ఫోనులో నాలుగో బోరు రేటు మాట్లాడేశాడు.

వానలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఎక్కువయ్యాయి. పత్తి ఎర్రబడిందని తమ్ముడు చెప్పాడట. నవంబరు నెలాఖరులో ఒక ఆదివారం, జూబ్లీహిల్స్‌లో మేస్త్రీ పనిచేస్తున్న ఇల్లు చూడ్డానికి వెళ్లాను. మూడంతస్తులు, లిఫ్టు, మేడమీద ఈతకొలను. అతను స్నానాలగదిలో గొంతుకూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మగ్గుతో నీళ్లు నేలమీద పోసి చూస్తున్నాడు. అవతల ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. తమ్ముడిది, మరదలిది, పక్కింటివాళ్లది, ఒకటి తర్వాత ఒకటి చేశాడు.

"సుగ్గికి పోయింటారు" అన్నాడు.

నీళ్లు ఒక మూల కాసేపు ఆగి, నెమ్మదిగా మోరీ దిక్కు తిరిగాయి.

"ఈడ ఇంకొంచెం కావాల" అని బండ కింద తాపీ పెట్టి లేపాడు.